పద్దెనిమిదో ఫారం

మా పిన్ని ఒక పుస్తకాల బైండింగు షాపులో కుట్టుపని చేస్తుంది. పదహారు పేజీల మడతని ఆ షాపులో ఫారం అంటారు. ఫారం మీద ఫారం పేర్చుకుంటూ, మడతలోంచి సూది దించి దారంతో ఒకదాన్ని ఇంకొకదానికి పట్టి ఉంచడం ఆమె పని. ఇరవై రెండేళ్ళుగా అదే స్టూలు, అదే చెక్క చట్రం. షాపులో అందరూ ఆమెను సూదమ్మ అంటారు. ఆ పేరు చేతిని చూసి పెట్టారో నోటిని చూసి పెట్టారో ఇప్పటికీ తేలలేదని మా బాబాయి అంటుంటాడు.

రెండేళ్ళ క్రితం ఆమెకు నడుములో నొప్పి వచ్చింది. చుట్టంలా వచ్చింది కదా, నాలుగు రోజులుండి పోతుందిలే అనుకున్నారు ఇంట్లో. పోలేదు. నడుము నుంచి ఎడమ పిక్క దాకా దిగి కాపురం పెట్టింది. స్కాన్ తీయించారు. మాత్రలు మార్చారు. బెల్టు కొన్నారు. ఎవరో చెప్పారని ఏదో నూనె రాశారు. ఆ వాసనకి పిన్ని పక్కన కూర్చోడానికి మనుషులు జడిశారు గాని నొప్పి జడవలేదు. చివరికి ఎముకల డాక్టరు, ఇందులో కోసి తీయాల్సిందేమీ లేదని చెప్పి, వ్యాయామాలు నేర్పే డాక్టరమ్మ దగ్గరికి పంపాడు.

ఆ డాక్టరమ్మకి పిన్ని కూతురి కంటే నాలుగేళ్ళు ఎక్కువ ఉంటాయేమో. ఆమె నొప్పి ఎక్కడ, ఎంత అని అడగలేదు. నొప్పి తక్కువగా ఉన్న రోజు ఏం చేస్తారని అడిగింది. పిన్ని కాస్త గర్వంగానే చెప్పింది. అలాంటి రోజు దొరికితే వదలనని, మిగిలిపోయిన పనంతా ఆ ఒక్కరోజులో ఊడ్చేస్తానని. మరి మర్నాడు అని డాక్టరమ్మ అడిగింది. పిన్ని ఒళ్ళోని స్కాన్ కవరు సర్దుకుంది. మర్నాడూ ఆ పై మర్నాడూ మంచం మీదే గడుస్తాయని ఇద్దరికీ తెలిసిపోయింది.

డాక్టరమ్మ ఒక కాగితం మీద రంపం పళ్ళలా గీత గీసి చూపించింది. "మిమ్మల్ని పడగొడుతున్నది మీ మంచి రోజులండీ" అంది.

నొప్పి పూర్తిగా పోతుందని ఆమె మాట ఇవ్వలేదు. దాని పక్కన ఎలా బతకాలో నేర్పుతానంది. పిన్ని ఆ రోజు కోపంగా ఇంటికి వచ్చింది. ఇంత దూరం వెళ్తే, నొప్పితో సర్దుకుపొమ్మని చెప్పడానికి ఒక డాక్టరు కావాలా, ఆ మాట అత్తగారు కూడా చెప్పేది కదా అని సణిగింది. కాని ఇచ్చిన పని మాత్రం చేసింది. మూడు రోజులు, కూర్చున్న దగ్గర్నుంచి నొప్పి పెరగడం మొదలయ్యేలోపు ఎన్ని ఫారాలు కుట్టగలుగుతోందో లెక్కపెట్టింది. ఒకరోజు ఇరవై నాలుగు, ఒకరోజు ఇరవై, ఒకరోజు ఇరవై అయిదు. డాక్టరమ్మ వాటి సగటు తీసి, అందులో అయిదో వంతు కొట్టేసి, పద్దెనిమిది అని రాసిచ్చింది.

పద్దెనిమిది కుట్టగానే లేవాలి. నొప్పి ఉన్నా లేవాలి, లేకపోయినా లేవాలి. అయిదు నిమిషాలు నడిచి, నిలబడి, నడుముని వెనక్కి వంచి, ఊపిరి నెమ్మదిగా వదిలి మళ్ళీ కూర్చోవాలి. లేచిన ప్రతిసారీ చిన్న నోటుబుక్కులో ఒక నిలువు గీత పెట్టాలి. ఎప్పుడైనా నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడితే మంచానికి అతుక్కుపోకుండా ఏం చేయాలో కూడా ఆ పుస్తకం వెనక అట్ట మీద డాక్టరమ్మే రాసిపెట్టింది. వేడి కాపడం, కుర్చీ మీద కాళ్ళు పెట్టుకుని పడుకోవడం, గంటకోసారి లేచి నాలుగడుగులు, మామూలు లెక్కలో సగం పని. చివర్లో, భయపడొద్దు, ఇది తగ్గుతుంది అని.

నాలుగు నెలలు గడిచేసరికి పిన్ని మంచం మీద ఉండే రోజులు బాగా తగ్గాయి. నొప్పి అలాగే ఉంది. ఆమె దాని వేళలు తెలుసుకుంది, అంతే.

షాపులో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అంతకుముందు ఏడాది, ఫారాలు మడిచే ఆవిడకి మోకాళ్ళు పట్టేస్తే ఆమెను పొట్లాలు కట్టే బల్ల దగ్గరికి మార్చారు. రెండు నెలల తర్వాత, ఇంట్లో విశ్రాంతి తీసుకోమ్మా అని మర్యాదగా పంపేశారు. అది పిన్ని మర్చిపోలేదు. పద్దెనిమిది ఫారాలకోసారి లేచి ఎదురుగోడ దాకా వెళ్ళి నిలబడుతుంటే అట్టలు వేసే మేస్త్రి ఊరుకుంటాడా.

"ఏమ్మా సూదమ్మా, గోడకి ఏమైనా పాఠం అప్పజెబుతున్నావా?"

కళ్ళకి దూరపు చూపు కావాలన్నారు అని పిన్ని అబద్ధం చెప్పింది. మేస్త్రి నమ్మాడో లేదో గాని, ఆ రోజు నుంచి ఆమె లేచినప్పుడల్లా, గోడగారు వింటున్నారా అని అడగడం మొదలుపెట్టాడు.

నిజానికి ఆ గోడ దగ్గర పిన్నికి ఇంకో పని కూడా ఉండేది. పాత పుస్తకాన్ని విప్పి తిరిగి కుట్టేటప్పుడు, ఫారాలన్నీ వరసగా పేర్చి, మడతలన్నీ ఒకచోట చేరే వీపు మీద పై మూల నుంచి కింది మూలకి పెన్సిల్‌తో ఒక వాలుగీత గీస్తారు. విడిగా చూస్తే ఒక్కో ఫారం మీద ఒక చుక్కే ఉంటుంది. అన్నీ వరసలో ఉంటే ఆ చుక్కలు కలిసి గీత అవుతాయి. ఒక్క ఫారం అటూ ఇటూ అయినా గీత విరుగుతుంది. కూర్చుని కుట్టే మనిషికి పైనుంచి మడతలే కనిపిస్తాయి. గీత కనబడాలంటే లేచి దూరంగా నిలబడాలి. పిన్ని గోడ దగ్గరికి వెళ్ళి వెనక్కి తిరిగినప్పుడల్లా కళ్ళు వాటంతటవే ఆ గీత మీద పడేవి. కుట్టిన పుస్తకం మేస్త్రి బల్ల మీదికి వెళ్ళాక వీపు మీద జిగురు పూస్తారు. ఇంక గీత కనిపించదు. మేస్త్రి జిగురు పూసే ముందు చూడొచ్చు గాని, ఈ ఇరవై రెండేళ్ళలో సూదమ్మ కుట్టిన పుస్తకాన్ని ఆయన తిప్పి చూసింది లేదు.

అలాంటి రోజుల్లో షాపుకి ఒక పెద్ద లైబ్రరీ నుంచి అరవై పాత సంపుటాలు వచ్చాయి. అన్నీ చేత్తోనే కుట్టాలి, పది రోజుల్లో ఇవ్వాలి. షాపు యజమానిని అందరూ పెద్దాయన అంటారు. ఆయన పిన్నిని పిలిచి దాపరికం లేకుండా చెప్పాడు. లైబ్రరీలో ఇలాంటివి ఇంకా ఎన్నో ఉన్నాయట. ఈ అరవై వేళకి, తప్పు లేకుండా వెళ్తే మిగతావన్నీ మనకే వస్తాయి. లేకపోతే మెషిన్ కుట్టు ఉన్న షాపుకి పోతాయి. అప్పుడిక చేతికుట్టు చట్రం ఇక్కడ ఎందుకు అన్నాడు. చట్రం ఎందుకు అంటే ఆ చట్రం ముందు కూర్చునే మనిషి ఎందుకు అనే అర్థం.

పిన్ని ఇంటికి వచ్చి లెక్క వేసింది. ఒక్కో సంపుటంలో ముప్పై ఫారాల దాకా ఉన్నాయి. పద్దెనిమిదికోసారి లేస్తూ కుట్టినా రోజుకి ఆరూ ఏడూ అవుతాయి. తొమ్మిది రోజులు. ఒకరోజు మిగులుతుంది. ఆ ఒక్కరోజుని చూసి ఆమెకు ధైర్యం రాలేదు, భయం వేసింది. ఒక్కరోజు మంచం పట్టినా ఆ మిగులు హరించుకుపోతుంది.

నాలుగు రోజులు లెక్క తప్పలేదు. ఇరవై ఆరు సంపుటాలు మేస్త్రి బల్ల దాటాయి. అయిదో రోజు పొద్దున్న పిన్ని నిద్ర లేచి, పక్క మీదే కాసేపు ఉండిపోయిందట. ఏదో లోటుగా ఉంది, ఏమిటో తెలియలేదు. కాళ్ళు కింద పెట్టాక తెలిసింది. నొప్పి లేదు.

రెండేళ్ళుగా లేని తేలిక అది. షాపుకి నడిచి వెళ్తుంటే తన చెప్పుల చప్పుడు తనకే కొత్తగా వినిపించిందని నాతో చెప్పింది. చట్రం ముందు కూర్చుంది. పద్దెనిమిదో ఫారం వచ్చింది. నొప్పి లేనప్పుడు లేవడం దేనికి అనిపించింది. ఈ ఒక్కరోజులో రెండు రోజుల పని లాగేస్తే ఆ మిగులు రెండు రోజులవుతుంది, గుండె మీద బరువు దిగుతుంది. లేవలేదు. మధ్యాహ్నం మోచెయ్యి తగిలి, కుట్టడానికి పెట్టుకున్న ఒక దొంతర బల్ల మీంచి జారి కింద పడింది. పిన్ని వంగి ఏరింది. నేల దాకా వంగింది, నొప్పి లేకుండా. ఆ సంతోషంలో కాగితాలు బల్ల మీద తట్టి సరిచేసి, నవ్వుకుంటూ కుట్టేసింది. సాయంత్రానికి పది సంపుటాలు అయ్యాయి. మేస్త్రి కూడా, ఇవాళ గోడగారికి సెలవా అన్నాడు.

ఆరో రోజు పొద్దున్న ఆమె మంచం మీంచి లేవలేకపోయింది. బస్సు డ్యూటీకి వెళ్తున్న బాబాయి వేడినీళ్ళ సంచీ నింపి నడుము కింద పెట్టి, షాపుకి ఫోన్ చేసి, జ్వరమని చెప్పి వెళ్ళాడు. కూతురు కాలేజీకి వెళ్తూ కుర్చీ దగ్గరికి జరిపి, కాళ్ళు దాని మీదికి ఎత్తి పెట్టింది. ఇల్లు ఖాళీ అయింది. నొప్పి పిక్కలో కరెంటు తీగలా కొడుతోంది. పిన్ని నోటుబుక్కు తీసి వెనక అట్ట మీద రాసినవి చదువుకుంది. భయపడొద్దు అన్న దగ్గర ఆగి, లోపలి పేజీలు తిప్పింది. నాలుగు రోజుల నిలువు గీతలు బారులు తీరి ఉన్నాయి. నిన్నటి పేజీ తెల్లగా ఉంది.

ఆ తెల్ల కాగితాన్ని చూస్తూ ఉండగా ఇంకో సంగతి తట్టింది. నిన్న ఒక్కసారి కూడా లేవలేదు. అంటే ఒక్కసారి కూడా గోడ దగ్గర నిలబడలేదు. అంటే పది సంపుటాల్లో ఒక్కదాని గీత కూడా చూడలేదు. ఆ పదిలో ఒకటి నేల మీద చెల్లాచెదురైన దొంతర.

గడియారం తొమ్మిదిన్నర చూపిస్తోంది. మేస్త్రి పదింటికి జిగురు కలుపుతాడు. జిగురు ఆరిపోయాక విప్పాలంటే ఆ పాత కాగితం మడత దగ్గర చినిగి చేతికొస్తుంది. అది వేరే ఎక్కడా దొరకని సంపుటం. షాపుకి ఫోన్ చేసింది. ఫోన్ పెద్దాయన గదిలో ఉంటుంది, ఆయన అట్టలు కొనడానికి పదకొండింటి దాకా బయటే. మోగి మోగి ఆగిపోయింది. మేస్త్రి ఫోను గోడ మేకుకి తగిలించిన చొక్కా జేబులో ఉంటుంది. అదీ మోగింది. బాబాయి బస్సులో ఉన్నాడు. ఎదురింటికీ పక్కింటికీ తాళాలు. నీళ్ళ గొట్టాల కోసం వీధి తవ్వేసి ఉంది, ఆటో రాదు.

షాపు మామూలుగా పన్నెండు నిమిషాల నడక.

పిన్ని గోడ పట్టుకుని లేచింది. గుమ్మం దాటి, కరెంటు స్తంభాల్ని చూసింది. రెండు స్తంభాలకోసారి ఆగాలి అనుకుంది. ఆగి, చెయ్యి ఆన్చి, ఊపిరి వదులుతూ ఇరవై దాకా లెక్కపెట్టి, అప్పుడు కదలాలి. మొదటి రెండు స్తంభాలు అలాగే దాటింది. తర్వాత గడియారం గుర్తొచ్చింది. పుస్తకం తగలబడుతుంటే స్తంభం పట్టుకుని అంకెలు చెప్పుకోవడమేమిటి అనిపించింది. ఆగకుండా నడిచింది. అయిదో స్తంభం దగ్గర ఎడమకాలు మడతపడిపోయింది. తవ్విపోసిన మట్టి మీద చేతులు ఆన్చి ఎలాగో పడకుండా నిలబడింది.

అక్కడే ఒక చిన్న రేకు పంచ కింద తాళాలు బాగుచేసే ముసలాయన కూర్చుంటాడు. రోజూ ఆ దారినే వెళ్తున్నా ఆయనతో పిన్ని ఎప్పుడూ మాట్లాడలేదు.

"ఏమైందమ్మా, కాలు బెణికిందా?"

ఏం లేదండీ అనడం రెండేళ్ళ అలవాటు. ఆ మాట నోటి దాకా వచ్చి, ఎందుకో ఆగిపోయింది.

"నడుము నొప్పండీ. రెండేళ్ళుగా ఉంది."

ఆయన తన స్టూలు జరిపాడు. కూర్చుంటే ఇంకా పట్టేస్తుంది, కాసేపు ఈ గుంజ పట్టుకుంటానంది. పట్టుకోమ్మా, దానికేం నొప్పి అని ఆయన తన తాళం మీదికి వంగాడు. పిన్ని ఇరవై దాకా లెక్కపెట్టింది. ఆ తర్వాత ఒక్క స్తంభం కూడా వదలలేదు. ప్రతిదాని దగ్గరా ఆగింది. ఆగిన ప్రతిసారీ కళ్ళ ముందు మేస్త్రి కుంచె ఆడేది. అయినా ఇరవై అయ్యేదాకా కదలలేదు. పిక్క కొట్టుకోవడం తగ్గలేదు గాని కాలు మళ్ళీ మడతపడలేదు. నొప్పితో నడవడం కంటే ఆ ఆగడాలే తనకి నరకంగా ఉన్నాయని తర్వాత చెప్పింది.

షాపులోకి అడుగుపెట్టేసరికి పది దాటి పావుగంట. మేస్త్రి బల్ల మీద ఆరు సంపుటాల వీపులు జిగురుతో మెరుస్తున్నాయి. ఏడోదాని మీద కుంచె దించబోతున్నాడు.

పిన్ని ద్వారబంధం పట్టుకుని, "ఆపు మేస్త్రీ" అంది.

జ్వరమన్నావు కదా అని ఆయన అడగబోయి, ఆమె నిలబడిన తీరు చూసి కుంచె పక్కన పెట్టాడు. పిన్ని సంగతి చెప్పింది. జిగురు పూయని నాలుగు సంపుటాల్ని వరసగా నిలబెట్టమంది. తను ఎప్పటిలా గోడ దగ్గరికి వెళ్ళి చూసింది. నాలుగింటిలోనూ గీత తిన్నగా ఉంది. అంటే తప్పు ఉంటే జిగురు పూసిన ఆరింటిలోనే ఉండాలి. ఇద్దరూ పేజీల అంకెలు చూడటం మొదలుపెట్టారు. మొదటిది సరిగ్గా ఉంది. రెండోది, మూడోది, నాలుగోది సరిగ్గానే ఉన్నాయి. అయిదోదానిలో నూట నలభై నాలుగో పేజీ తర్వాత నూట అరవై ఒకటి వచ్చింది. రెండు ఫారాలు తారుమారయ్యాయి.

జిగురు ఇంకా తడిగానే ఉంది. మేస్త్రి గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ తడిపి వీపు మీద వేశాడు. పిన్ని నిలబడే, బల్ల మీదికి వంగకుండా, పుస్తకాన్ని తన ఎత్తుకి పెట్టించుకుని, ఒక్కో ముడి కత్తిరించి దారం లాగింది. కాగితం చినగలేదు. వాళ్ళు అలా ఉండగానే పెద్దాయన వచ్చాడు. విప్పిన పుస్తకం, తడిగుడ్డ, చెమటలు కారుతున్న పిన్ని. అన్నీ ఆయన కంటబడ్డాయి.

మేస్త్రి ఏదో సర్దిచెప్పబోయాడు. పిన్ని ఆయన్ని ఆపి తనే చెప్పింది. కళ్ళ సంగతి అబద్ధమని, జ్వరం కూడా అబద్ధమని, రెండేళ్ళుగా నడుము నొప్పి అని. పద్దెనిమిది ఫారాలకోసారి లేవాలని, నిన్న లేవలేదని, అందుకే ఇవాళ ఇలా ఉన్నానని, అందుకే పుస్తకం తప్పు కుట్టానని.

పెద్దాయన విప్పిన ఫారాలు ఒక్కోటీ ఎత్తి మడతలు చూశాడు. మడిచే ఆవిడ గురించి ఆయనకి గుర్తొచ్చిందో లేదో గాని పిన్నికి గుర్తొచ్చింది. తర్వాత ఆయన మేస్త్రి వైపు తిరిగాడు.

"ఈవిడ లేచి తిరిగిన రోజుల్లో ఎన్ని తప్పులు వచ్చాయి?"

మేస్త్రి జిగురు గిన్నెలో కుంచె తిప్పుతూ, "ఒక్కటీ లేదు" అన్నాడు. కుంచె తీసి పక్కన పెట్టి, "లేవని రోజు ఒకటి. అది పట్టుకుంది కూడా ఈవిడే. నేనైతే అట్ట వేసి పంపేసేవాణ్ణి" అన్నాడు.

ఇప్పుడెన్ని కుట్టగలవు అని పెద్దాయన పిన్నిని అడిగాడు. ఇవాళ ఏమీ కుట్టలేనని, రేపటి నుంచి తొమ్మిదికోసారి లేస్తానని, నాలుగైదు రోజులకి మళ్ళీ పద్దెనిమిదికి వస్తానని ఆమె చెప్పింది. రేపటికి సర్దుకుంటానులెండి అని ఒక్కమాట అనేస్తే బాగుండునని ఆ క్షణంలో ఎంతో అనిపించిందట. అనలేదు. పది రోజులకి కావు, పన్నెండు అవుతాయి అంది.

పెద్దాయన గదిలోకి వెళ్ళి లైబ్రరీకి ఫోన్ చేశాడు. తలుపు తీసే ఉంది. అవతలి మాట వినబడటం లేదు. ఈయన మాత్రం ఊఁ, ఊఁ అంటున్నాడు. ఒకసారి, లేదండీ, మెషిన్ కుట్టు కాదు, మీ పుస్తకాల కాగితం అది తట్టుకోదు అన్నాడు. మళ్ళీ ఊఁ అన్నాడు. పిన్ని గోడకి వీపు ఆన్చి ఊపిరి లెక్కపెడుతోంది. నలభై దాకా వచ్చాక ఆయన బయటికి వచ్చాడు.

"పన్నెండో రోజు సాయంత్రం అయిదు. అయిదూ అయిదు నిమిషాలైతే వద్దన్నారు. ఇప్పుడు ఇంటికెళ్ళు."

మేస్త్రి, గోడగారి దగ్గర సెలవు తీసుకో సూదమ్మా అన్నాడు. ఈసారి ఆ మాటలో ముల్లు లేదు.

పన్నెండో రోజు నాలుగింటికి అరవై సంపుటాలూ అట్టల్లో ఉన్నాయి. పెద్దాయన మెచ్చుకోలేదు. మూడు వారాల తర్వాత లైబ్రరీ నుంచి ఎనభై సంపుటాల మూట వస్తే, ఏమీ అనకుండా దాన్ని ఆమె చట్రం పక్కన దింపించాడు. గడువు కూడా తనే ఎక్కువ అడిగి తెచ్చుకున్నాడు.

ఆ ఎనభై నడుస్తుండగా ఒకరోజు మళ్ళీ నొప్పి లేకుండా తెల్లవారింది. ఆ రోజు నేను ఏదో చిరిగిన పుస్తకం పట్టుకుని షాపుకి వెళ్ళాను. పిన్ని చెయ్యి నీళ్ళలో చేపలా ఆడుతోంది. పదహారు, పదిహేడు, పద్దెనిమిది. పంతొమ్మిదో ఫారం అప్పటికే ఎడమచేతిలో ఉంది, సూదిలో దారం నిండా ఉంది. చెయ్యి ఆగింది. మేస్త్రి కుంచె కూడా ఆగడం చూశాను. పిన్ని మొహం నొప్పి ఉన్న రోజుల్లో కూడా అంత బిగుసుకుపోయి ఉండగా నేనెప్పుడూ చూడలేదు. ఫారాన్ని తిరిగి దొంతర మీద పెట్టింది. సూదిని మెత్తకి గుచ్చింది. లేచి గోడ దాకా వెళ్ళి, వెనక్కి తిరిగి, చట్రం వైపు చూసింది. తర్వాత నోటుబుక్కు తీసి ఒక గీత పెట్టింది.